ఋణమా? దానమా?

రాయపూరునుండి బిలాసపూరునకు పోవు రైలుమార్గమున తిల్దా అను చిన్న పట్టణము కలదు. ప్రక్కనున్న నేవరాతో కలిపి తిల్దా-నేవరా యని దానికి వ్యవహారము. చుట్టును కనుచూపుమేర వరిపొలములు, ఊరిలో బియ్యపుమిల్లులు. ఛత్తీస్‌గఢ్ సీమనంతయు అక్కడివారు ధాన్యపుగిన్నె యని ముద్దుగా పిలుచుకొందురు. పుష్యపూర్ణిమనాడు ఆ ప్రాంతపు పల్లెలలో 'ఛేర్‌ఛేరా' యను పండుగ జరుగును. కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యము గాదెలకు చేరిన దినములవి. పిల్లలును, పడుచువాండ్రును గుంపులుగా ఇంటింటికి పోయి ధాన్య మడుగుదురు. కలిగినవారి పిల్లవాడును అడుగును, లేనివారి పిల్లవాడును అడుగును. ఆనాడు అడుగుటలో చిన్నతనము లేదు. ఇంటి యిల్లాలు చేటతోనో దోసిలితోనో కొంత తెచ్చి వారి సంచులలో పోయును. లేదనుట ఆ దినమున ఆచారము కాదు.

అదే ధాన్యములో అధికభాగము సహకారసంఘముల ద్వారా ప్రభుత్వమునకు అమ్ముడుపోవును. కొన్నేండ్ల క్రిందటివరకు మిల్లు యజమానులనుండి కొంత బియ్యము లెవీగా కూడ వసూలు చేయబడుచుండెను. ఒకే మడిలో పండిన గింజ ఒకచోట సరకు, ఒకచోట లెవీ, మరియొకచోట దానము. గింజయందు భేదము లేదు. ఇచ్చు చేతియందును, పుచ్చుకొను చేతియందును భేదము కలదు.

మానవుని యౌవనమును ఇట్టి పంటయే. పదునెనిమిదేండ్ల ప్రాయమున దేహము దృఢముగా నుండును, భయము తక్కువ, కాలము చేతినిండ నున్నట్లు తోచును. ఈ పంటపై దేశమునకు హక్కు కలదా? కలదన్నచో, దానిని వెలకు కొనవలెనా, లెవీగా తీసికొనవలెనా, వాకిట నిలిచి యడుగవలెనా? ఈనాడు అనేకదేశముల శాసనసభలలో చర్చింపబడుచున్న ప్రశ్న యిదియే. యువకులకు నిర్బంధ సైనికసేవ మరల వచ్చునా, రావలెనా యని అచటివారు తర్కించుచున్నారు.

ఐరోపాఖండమున ముప్పదియేండ్ల క్రిందట, ఇక మహాయుద్ధములు రావను ధైర్యముతో పలుదేశములు నిర్బంధసేవను క్రమముగా విడిచిపెట్టెను. ఆ ధైర్యము ఇప్పుడు సడలినది. లిథువేనియా 2015లోనే దానిని తిరిగి తెచ్చుకొన్నది. స్వీడను 2017లో నిశ్చయించి మరుసటి యేటినుండి అమలుపరచినది. 2023లో లాట్వియా, 2025లో క్రొయేషియా అదే త్రోవ పట్టినవి. డెన్మార్కు 2025 జూలైనుండి స్త్రీలను కూడ ఈ విధిలో చేర్చినది. 2011లో నిర్బంధసేవను నిలిపివేసిన జర్మనీ 2025 డిసెంబరులో ఒక మధ్యమార్గము నెన్నుకొన్నది: సేవ ఐచ్ఛికమే, కాని 2008లోను ఆ తరువాతను పుట్టిన ప్రతి యువకుడును పదునెనిమిదేండ్లు నిండగనే తన దేహస్థితిని, సంసిద్ధతను తెలుపు ప్రశ్నపత్రమును పూరించి తీరవలెను. అడుగుటకు మాత్రము నిర్బంధము, ఇచ్చుటకు స్వేచ్ఛ. చాలినంతమంది రానిచో ఏమి చేయవలెనో ఆనాటి శాసనసభ నిర్ణయించుకొనునట.

మన దేశమున స్వాతంత్ర్యము వచ్చినది మొదలు నిర్బంధ సైనికసేవ ఎన్నడును లేదు. రెండవ ప్రపంచయుద్ధమున పనిచేసిన ఇరువదియైదు లక్షల భారతీయ సైనికులును చట్టరీత్యా స్వచ్ఛందముగా చేరినవారే. అయినను రాజ్యాంగకర్తలు తలుపును పూర్తిగా మూయలేదు. ఇరువదిమూడవ అధికరణము వెట్టిని నిషేధించుచునే, ప్రజాప్రయోజనమునకై రాజ్యము నిర్బంధసేవను విధింపవచ్చునని ఒప్పుకొన్నది. అయితే అట్లు విధించునపుడు మత, జాతి, కుల, వర్గములను మాత్రమే చూచి భేదము పాటింపరాదని వెంటనే కట్టుదిట్టము చేసినది. 1976లో చేర్చబడిన ప్రాథమిక విధులలో, పిలుపు వచ్చినపుడు దేశరక్షణకును జాతీయసేవకును ముందుకు వచ్చుట పౌరుని విధిగా చెప్పబడినది. వెట్టి యేది, విధి యేది అను విచారము ఈ రెండు చోట్లను కలిపి చదివినవారికి తప్పదు.

ఈ విచారము మనకు క్రొత్తది కాదు. 1959లో భారతప్రభుత్వము చింతామణి ద్వారకానాథ దేశ్‌ముఖ్‌గారి అధ్యక్షతను జాతీయసేవను గూర్చి ఒక సంఘమును నియమించినది. ఆయన రాయపూరు అంతర్భాగమైయున్న నాటి మధ్యపరగణాలలో ఐ.సి.యస్. ఉద్యోగిగా జీవితమారంభించినవాడు, ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మగారి భర్తగా తెలుగువారికి ఆత్మీయుడు, చివరిదినములు హైదరాబాదులో గడపినవాడు. ఉన్నత పాఠశాల చదువు ముగించి కళాశాలలో చేరగోరు ప్రతి విద్యార్థియు తొమ్మిది మాసములు మొదలు ఒక సంవత్సరమువరకు జాతీయసేవ చేయవలెనని ఆ సంఘము సూచించెను. అందు కొంత సైనికశిక్షణ, కొంత సంఘసేవ, కొంత శరీరశ్రమ, కొంత సామాన్యవిద్య. ఆలోచన గొప్పది, అయ్యెడి ఖర్చును చూచి ప్రభుత్వము వెనుదీసినది.

పిమ్మట 1962లో చైనాతో యుద్ధము వచ్చెను. ఆ వేడిలో 1963నుండి కళాశాల విద్యార్థులకు ఎన్.సి.సి. నిర్బంధము చేయబడెను. అయిదేండ్లు గడచునప్పటికి, 1968లో, అది మరల ఐచ్ఛిక మయ్యెను. ఆ మరుసటి యేడు, 1969 సెప్టెంబరు 24న, ముప్పదియేడు విశ్వవిద్యాలయములలో నలువదివేలమంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము మొదలైనది. దుస్తులు చాలవు, తుపాకులు చాలవు, నేర్పువారు చాలరు అనునవి నిర్బంధశిక్షణకు తప్పని చిక్కులు. అంతకంటె పెద్దచిక్కు హాజరుపట్టీది. శ్రద్ధతో వచ్చినవానికిని, హాజరుకొరకు వచ్చినవానికిని అందు ఒకటే గుర్తు పడును.

ఇచట కొందరు పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురు. "కురుక్షేత్రమున అర్జునుడు విల్లు దింపి కూర్చుండగా భగవానుడు ఊరకుండెనా? పదునెనిమిది అధ్యాయములు బోధించి లేపి యుద్ధము చేయించలేదా? ఇంతకు మించిన నిర్బంధ మేమున్నది?" అని వారి ప్రశ్న. ఇది త్రోసివేయదగిన మాట కాదు. గీత చివరి అధ్యాయమును నిదానముగా చదివినవారికి అందు రెండు మాటలు ఒకదాని ప్రక్క నొకటి కానవచ్చును. మొదట శ్రీకృష్ణుడు అర్జునుని హెచ్చరించుచున్నాడు: నీవు అహంకారముచే యుద్ధము చేయనని తలంచినను ఆ నిశ్చయము నిలువదు, నీ స్వభావమే నిన్ను పట్టి లాగుకొనిపోవును అని. ఆ వెంటనే, కొద్ది శ్లోకముల తరువాత, చెప్పవలసినదంతయు చెప్పితిని, దీనిని పూర్తిగా విచారించి నీకు తోచినట్లు చేయుమని విడిచిపెట్టుచున్నాడు. నిర్బంధమును స్వేచ్ఛయు ఒకే నోటినుండి వెలువడినవి.

ఈ రెంటికిని పొత్తు కుదురుట యెట్లు? స్వభావము చేయు నిర్బంధము లోపలిది. ఆకలి భోజనమునకు త్రిప్పినట్లు, వాత్సల్యము తల్లిని ఉయ్యాలవైపు త్రిప్పినట్లు అది పనిచేయును. అర్జునుడు పుట్టుకచేతను, శిక్షణచేతను, పాశుపతమునకై చేసిన తపస్సుచేతను యోధుడు. అరణ్యమునకు పోయి భిక్షమెత్తినను అచట నొక దుర్బలుని ఎవడైన కొట్టుచుండగా అతని చేయి వింటికొరకు వెదకును. భగవానుడు చెప్పినది ఆ సత్యము. బయటినుండి ఒక సేనాని దండమెత్తి నడిపించు నిర్బంధమును ఆయన ఎచటను వాడలేదు. తానే సారథియై కళ్లెములు చేతనుండగా రథమును శత్రుసేనలోనికి తోలివేసిన నెవరడ్డగింపగలరు? తోలలేదు. ఉభయసేనల నడుమ నిలిపి, అర్జునుని ప్రశ్నలు తీరువరకు ఓపికపట్టెను. పదునెనిమిది అక్షౌహిణులు శస్త్రములు పట్టి కాచుకొని యుండగా ఒక్కని సంశయము తీర్చుటకు యుద్ధము ఆగినది. దీనినిబట్టి ఒక్క మనస్సాక్షికి ఆయన ఎంత విలువ నిచ్చెనో తెలిసికొనవచ్చును.

మహాభారతమున మరి రెండు కథలు గలవు. యుద్ధము మొదలగుటకు ముందు ధర్మరాజు రెండు సేనల నడుమ నిలిచి, ఎదుటిపక్షమునుండి తమవైపు రాగోరువా డెవడైన నున్నచో రావచ్చునని యెలుగెత్తి పిలిచెను. ధృతరాష్ట్రుని కుమారుడైన యుయుత్సుడు కౌరవసేనను వీడి వచ్చెను. మరియొకడు బలరాముడు. ఇరువైపులను ఆత్మీయులే యుండుట చూచి, ఏ పక్షమునను ఆయుధము పట్టక సరస్వతీతీరమున తీర్థయాత్రకు పోయెను. గదాయుద్ధమున అసమానుడైన ఆ వీరుని పిరికివాడని ఎవరును అనలేదు. మనస్సాక్షి ఒప్పనివానిని ఆయుధము పట్టింపరాదను నియమమును జర్మనీదేశము రెండవ ప్రపంచయుద్ధానంతరము తన రాజ్యాంగములో వ్రాసికొన్నది. వ్యాసమహర్షి దానిని కథగా చెప్పియుంచెను.

అయితే యుద్ధము వలదను ప్రతివాడును బలరాముడు కాడు. ఈ మెలకువ తప్పినచో అహింస పేరు పెట్టుకొని సోమరితనము ప్రవేశించును. తిక్కనగారి విరాటపర్వము చదివిన తెలుగువానికి ఉత్తరకుమారుడు పరిచితుడే. అంతఃపురమున ఆడువారి నడుమ కౌరవుల నందరను గెలుతునని పలికినవాడు, సేనాసముద్రము కంటబడగనే రథము దిగి పరుగెత్తెను. అతని మాటలలో వైరాగ్యముగాని, దయగాని లేవు, ఉన్నది ప్రాణభయము. బృహన్నలవేషముననున్న అర్జునుడు వెంబడించి పట్టి తెచ్చెను. ఇంతవరకు నిర్బంధమే! కాని ఆ తరువాత అతడు చేసిన పని గమనింపదగినది. ఆ భయపడిన బాలుని చేతికి విల్లిచ్చి ముందునకు నెట్టలేదు. "నీవు కళ్లెములు పట్టుము, పోరెడిపని నాది" అను భావముతో ధైర్యము చెప్పి సారథిగా నిలిపెను. శమీవృక్షము నెక్కించి ఆయుధములు దింపించెను. సాయంకాలమునకు ఆ పిల్లవాడు తిరిగివచ్చునపుడు మునుపటి ఉత్తరుడు కాడు. గెలుపును తనదిగా చెప్పుకొనుటకు అవకాశమున్నను, అది తన గెలుపు కాదని తండ్రియెదుట ఒప్పుకొనెను.

జర్మనీలో నిర్బంధసేవ యున్న కాలమున ఆయుధము పట్టనొల్లని యువకులు ఆసుపత్రులలోను, వృద్ధాశ్రమములలోను పనిచేయుట కేర్పాటుండెను. 2011లో నిర్బంధము తొలగినపుడు ఆ సంస్థలకు పనివారి కొరత రాకుండ క్రొత్తగా ఒక స్వచ్ఛందసేవను నెలకొల్పవలసి వచ్చినది. కళ్లెములు పట్టువారును యుద్ధమునకు కావలసినవారే గదా.

ఇచట శాస్త్రపక్షమున ఒక సందేహము తీర్చవలసియున్నది. ధర్మమంతయు ఇచ్ఛపై ఆధారపడినదేనా? కాదు. కర్మలలో కామ్యములు కొన్ని, నిత్యములు కొన్ని. సంధ్యావందనము నిత్యకర్మ, చేసినచో ప్రత్యేకఫలము లేదు, మానినచో ప్రత్యవాయము కలదు. ఉపనయనమైన పిల్లవానిని తండ్రి తెల్లవారుజామున లేపి కూర్చుండబెట్టును. పిల్లవాడు మొదట కునికిపాట్లు పడుచునే చేయును. కొన్నేండ్లకు, లేపువారు లేకున్నను, తానే లేచును. బయటి నిర్బంధము లోపలి నియమముగా మారుటకు ఇది నిదర్శనము. కావున నిర్బంధమనగనే తప్పనుట తొందరపాటు. మరియు మనుజుడు పుట్టుటతోనే ఋణములతో పుట్టునని వేదము చెప్పుచున్నది. దేవ, ఋషి, పితృ ఋణములు మూడును ప్రసిద్ధములు. శతపథబ్రాహ్మణము నాలుగవదియగు మనుష్యఋణమును కూడ లెక్కించి, తోడివారికి ఆశ్రయమును అన్నమును ఇచ్చుటచే అది తీరునని చెప్పినది. అప్పు తీర్చుట దానము కాదు. త్రాగిన నీరు, నడచిన బాట, చదివిన బడి, నిద్రించిన నిర్భయమైన రాత్రి వీనిలో ఏదియు ఒంటివాని సంపాదన కాదు. దేశమునకు బాకీయున్నానని యువకుడు తలంచుట న్యాయము. ఆ బాకీని దేశము గుర్తుచేయుటయు న్యాయమే.

చిక్కంతయు వసూలులో నున్నది. ఆ ఋణము నందరివద్దను సమముగా అడుగుచున్నారా? ఒక్క ఆయుధరూపముననే తీర్చుమనుచున్నారా? అడుగువాడు తన బాకీ తీర్చినవాడేనా?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముననే ఈ ప్రశ్నలకు రక్తముతో వ్రాసిన ఉదాహరణ మున్నది. తిల్దాకు చాలదూరమున, దక్షిణమందలి బస్తరు అడవులలో, ఇటీవలి దశాబ్దములలో పసివయస్సువారి చేతులలోనికి రెండువైపులనుండియు తుపాకులు వచ్చినవి. మావోయిస్టులు బాలబాలికలను తమ దళములలో చేర్చుకొన్నట్లు ఐక్యరాజ్యసమితి నివేదికలు పేర్కొన్నవి. వారి నెదిరించుటకు ప్రభుత్వము ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులను పేరుతో నియమించి, నెలకు 3,000 రూపాయల గౌరవవేతనమిచ్చి, ఆయుధములు చేతికిచ్చెను. వారిలో ఐదవ తరగతితో చదువు నిలిచినవారుండిరి. 2011 జూలై 5న సర్వోన్నత న్యాయస్థానమున, తెలుగువాడైన న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డి, న్యాయమూర్తి ఎస్. ఎస్. నిజ్జర్ కూడిన ధర్మాసనము ఆ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పి, ఆయుధములను తిరిగి తీసికొనుమని ఆజ్ఞాపించెను. వారందరును తమంత తాము వచ్చినవారే యను సమాధానము ఆ ధర్మాసనమును తృప్తిపరచలేదు. ఆకలి, పగ, అవిద్య మూడును కలిసి నెట్టినపుడు వచ్చెడి అడుగును స్వేచ్ఛ యనవచ్చునా?

భీష్మపర్వమున దీనికి ఆశ్చర్యకరమైన సాక్ష్యమొకటి కలదు. యుద్ధారంభమున ధర్మరాజు కవచము విప్పి, కాలినడకను పోయి పెద్దలకు నమస్కరించెను. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, శల్యుడు వరుసగా ఒకే కారణము చెప్పుకొనిరి: మనుజుడు అర్థమునకు దాసుడు, మేము కౌరవుల అర్థముచే కట్టుబడితిమి, అందుచే వారికై పోరక తప్పదు అని. భీష్మునివంటి మహాత్ముని నోట వచ్చిన ఈ మాటకు వ్యాఖ్యాతలు ఎన్నో సమాధానములు చెప్పిరి. సమాధానములు ఎన్నియున్నను మాట మాట్లాడుచునే యున్నది. కురుక్షేత్రమున అందరికంటె గట్టిగా బంధింపబడినవారు రాజాజ్ఞచే బంధింపబడలేదు, తిన్న యన్నముచే బంధింపబడిరి.

2022 జూన్ 14న భారతప్రభుత్వము అగ్నిపథ మను పథకమును ప్రకటించెను. పదునేడున్నర మొదలు ఇరువదియొక్క యేండ్లవరకు వయసుగల యువకులు (ఆ యొక్క సంవత్సరమునకు ఇరువదిమూడు వరకు పొడిగించిరి) నాలుగేండ్లపాటు అగ్నివీరులుగా పనిచేయవలెను. అటుపై నూటికి ఇరువదియైదుగురు మించకుండ స్థిరముగా నుందురు; తక్కినవారు దాదాపు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో ఇండ్లకు వత్తురు. ప్రకటించిన మూడవనాడు, జూన్ 17న, సికింద్రాబాదు రైలుస్టేషనులో యువకులు రైలుపెట్టెలకు నిప్పు పెట్టిరి. పోలీసు కాల్పులలో ఒక యువకుడు మరణించెను. వారిలో పెక్కురు కోవిడ్‌కాలమున నియామకములు నిలిచిపోగా, దేహపరీక్షలలో నెగ్గి వ్రాతపరీక్షకై రెండేండ్లుగా కాచుకొన్నవారు.

ఈ ఘటనను నలుమూలలనుండి విమర్శించిరి. ప్రజాధనమును దహించుట అధర్మమే, దానిని సమర్థింపరాదు. కాని ఒక్క విషయము ఆధ్యాత్మికచింతన గలవారు ఆలోచింపవలెను. ఇతరదేశములలో యువకులు సైన్యమునకు పిలుతురేమోయని భయపడుచున్నారు. ఇచట మా కాలము తగ్గించిరని మండిపడిరి. దీనిని కేవలము దేశభక్తి యనుటయు, కేవలము ఉద్యోగకాంక్ష యనుటయు రెండును తొందరపాటే. తెల్లవారకముందే ఊరిబాటలపై పరుగెత్తుచు దేహమును సానపట్టుకొను పల్లెటూరి పిల్లవాని మనస్సున జెండాయు ఉన్నది, చెల్లెలి పెండ్లియు ఉన్నది. ఈ రెంటిని విడదీసి తూచుటకు త్రాసు లేదు. మన దేశమున నిర్బంధసేవ లేదని చెప్పుకొనుచు తృప్తిపడువారు, పేదరికమను సేనాని చట్టము లేకుండగనే దండును కూర్చుచుండునని మరువరాదు. నిర్బంధసేవ కావలెనని వాదించువారిలో కొందరి వాదము సరిగా ఇదియే: అందరి పిల్లలకును చట్టము వర్తించినచో కలవారి బిడ్డయు లేనివారి బిడ్డయు ఒకే గుడారమున పండుకొందురు, పాలకులును యుద్ధమునకు తొందరపడరు అని. ఈ వాదమున బలము లేకపోలేదు. అయితే పలుకుబడిగలవాడు తన బిడ్డకు వైద్యుని ధ్రువపత్రము సంపాదించుకొనుటయు లోకము ఎరిగినదే. రాజ్యాంగము వర్గభేదము కూడదన్న చోట బలమంతయు ఆ మాట నిలుపుకొనుటలో నున్నది.

ఇక పంపువారి ధర్మము. అభిమన్యునికి పదునారేండ్లు. ద్రోణుడు పద్మవ్యూహము పన్నిననాడు అర్జునుడు దూరమున సంశప్తకులతో పోరుచుండెను. వ్యూహమును ఛేదింపుమని ధర్మరాజే బాలుని కోరెను. ఆ పిల్లవాడు మరుగుపరచక చెప్పెను: లోపలికి పోవు మార్గము తండ్రి నేర్పెను, బయటికి వచ్చుట తెలియదు. నీవు త్రోవ చేయుము, మేము వెన్నంటి వత్తుమని ధర్మరాజును, భీముడును మాట యిచ్చిరి. వారు మాయమాటలు చెప్పలేదు, నిజముగనే వెంటబడిరి. సైంధవుడు అడ్డుపడగా మాట చెల్లించుకొనలేకపోయిరి. సాయంకాలమున ధర్మరాజు పడిన దుఃఖమున తన పరాజయమును గూర్చిన చింత లేదు. సుఖములలో ముందుంచవలసిన పసివానిని యుద్ధమున ముందుంచితినే యను పశ్చాత్తాపమే అతనిని దహించెను.

అభిమన్యుడు వెనుదీయలేదు, అతనిపై నిర్బంధమును లేదు. అయినను కథ పెద్దలను విడిచిపెట్టదు. యువకుడు ఇష్టపడి ముందునకు దూకినంతమాత్రమున పెద్దల బాకీ తీరిపోదనియే దాని తాత్పర్యము. లోనికి పోవు త్రోవను పందొమ్మిదేండ్లవానికి శ్రద్ధగా నేర్పు సమాజము, ఇరువదిమూడేండ్ల ప్రాయమున అతడు తిరిగి వచ్చునపుడు చూపవలసిన త్రోవను కూడ సిద్ధపరచియుండవలెను. అగ్నివీరులలో 2022 చివరను, 2023 మొదటను చేరినవారికి నాలుగేండ్లు 2026 చివరను, 2027 మొదటను నిండును. వారికి కొన్ని ఉద్యోగములలో ప్రత్యేకస్థానములు ప్రకటింపబడినవి. ప్రకటనలకంటె, ఊరిలో వారిని చూచు చూపు ముఖ్యము. "నిన్ను ఉంచుకొనలేదా?" అని అడిగెడి ఊరు ఒకటి, "వచ్చితివా నాయనా" అని పీట వేయు ఊరు ఒకటి. నూటికి డెబ్బదియైదుగురు తిరిగిరాక తప్పని పద్ధతిలో తిరిగివచ్చినవానిని ఓడినవానిగా లెక్కించుట ఘోరమైన అన్యాయము. శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక తండానుండి అగ్నివీరుడై పోయిన యువకుడు 2025 మే నెలలో సరిహద్దున ప్రాణమిచ్చెను. నాలుగేండ్ల కొలత మృత్యువునకు తెలియదు.

క్షతమనగా దెబ్బ, దానినుండి కాపాడుట క్షాత్రము. ఈ యర్థమున క్షాత్రమునకు కుల మొకటి నియతము కాదు. తిల్దాకు తూర్పుదిక్కున, బలౌదాబాజారు సీమలోని సోనాఖాన్‌కు జమీందారుడైన నారాయణసింగు 1856 కరువులో ఒక వర్తకుని కొట్టునందలి ధాన్యమును తీయించి ఆకలిగొన్న జనులకు పంచెను. ఆ నేరమునకు చెఱపట్టిరి. చెఱనుండి తప్పించుకొని తనవారితో కూడి ఆంగ్లేయుల నెదిరించెను. 1857 డిసెంబరు 10న రాయపూరులో ఉరితీయబడెను. అతని వెంట నడచిన ఆదివాసులకు ఏ శాసనసభయు పిలుపు పంపలేదు. ముందు ఆకలినాడు అన్నము పెట్టినవాడు, పిదప ఆపదనాడు రమ్మని పిలిచెను. పిలుచుటకు అర్హత అట్లు వచ్చును.

అటుపై ఇరువదియేండ్లకు, 1877లో, పదునాలుగేండ్ల నరేంద్రుడు తండ్రి ఉద్యోగవశమున అదే రాయపూరునకు వచ్చి సుమారు రెండేండ్లుండెను. అప్పటికి అచటికి రైలు లేదు. అడవుల నడుమ ఎద్దుబండిమీద ప్రయాణము. ఆ బాలుడే వివేకానందస్వామియై యువజనులను బలవంతులు కండని, నిర్భయులు కండని జీవితాంతము ప్రబోధించెను. ఆయన కోరిన బలము కండలతో మొదలై కండలతో ముగియునది కాదు. దరిద్రుని గుడిసెయెదుట తలవంచగల బలము అది. తుపాకి పట్టినవానికి మరింత అవసరము.

తెలుగుదేశమున పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దాపున మాధవరమను గ్రామము కలదు; మిలిటరీ మాధవర మనుటయే వాడుక. మొదటి ప్రపంచయుద్ధమునకు ఆ యొక్క ఊరినుండి తొంబదిమంది, రెండవదానికి వేయిమందికి పైగా పోయిరని అచటివారు చెప్పుకొందురు. ఆ పరంపర నేటికిని నిలిచియున్నది. అచట పిల్లవానికి సైన్యమనగా తెలియని దేశము కాదు. తాత పోయి వచ్చెను, తండ్రి పోయి వచ్చెను, మేనమామ రాలేదు. పంపువారే ముందు పోయినవారు గనుక, లోనికి పోవు త్రోవతోపాటు తిరిగివచ్చు త్రోవయు ఆ యింట తెలిసియుండును. రానివారి జ్ఞాపకార్థము ఊరిలో స్మారకము కట్టుకొనిరి. క్రొత్తగా చేరి బయలుదేరెడి పిల్లలు ఆ స్మారకము ముందుగనే రైలుకు పోవుదురు.